కొక్కేనికి వేలాడిన పాట

మా ఉక్కు కారఖానా ఊళ్ళో, భాలుబాసా పేటలో, తవిటమ్మ అని ఒక మనిషి ఉంది. ఆవిడ ఒక్క చూపుడువేలు తిప్పి, గిటారుతో సహా ఒక రాక్ గాయకుణ్ణి ఆకాశంలోకి లేపింది. లేపి, తనకు కావలసిన పాట పాడేదాకా కిందికి దించలేదు.

సరే, ఆకాశం అన్నది కొంచెం ఎక్కువే. మూడంతస్తుల మేడ ఎత్తు అనుకోండి. లేపింది కూడా ఆవిడ కాదు, క్రేను. కానీ దించలేదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. తప్పు ఒప్పుకోవడం కాన్వెంటులో సిస్టర్ బెర్నాడెట్ నేర్పింది. ఎంతవరకు ఒప్పుకోవాలన్నది నేను సొంతంగా నేర్చుకున్నాను.

తవిటమ్మ తండ్రి పోలరాజు టెక్కలి అవతలి పల్లె నుంచి ఖలాసీ పనికి ఈ ఊరు వచ్చాడు. తవిటమ్మ ఇక్కడే పుట్టింది. భర్త సీతారామరావుది టాటానగర్ స్టేషన్లో రైల్వే పని. ఇద్దరి షిఫ్టులూ కలవవు. ఒకరు పనికి పోతుంటే ఒకరు వస్తూ వీధి మలుపులో ఎదురుపడతారు. అక్కడే తాళంచెవి చేతులు మారుతుంది, కూరేమిటో చెప్పుకుంటారు. అలా పాతికేళ్ళ కాపురం సజావుగా నడిచింది. రోజూ మొహాలు చూసుకునేవాళ్ళ కాపురాల కంటే బాగానే నడిచింది.

మొదట ఆవిడ కారఖానాలో ఊడ్చే పనికి వెళ్ళేది. తర్వాత ఆడవాళ్ళను కూడా లోపలి పనుల్లోకి తీసుకోవడం మొదలైనప్పుడు శిక్షణకు వెళ్ళి సిగ్నల్‌మేన్ అయింది. ఆడమనిషి అయినా పేరు సిగ్నల్‌మేనే. మిల్లులో పైన క్రేను నడిపేవాడికి కింద ఏముందో సరిగా కనబడదు, ఎవరు ఏమన్నా వినబడదు. కింద నిలబడిన ఈ మనిషి చేతులే అతనికి కళ్ళూ చెవులూ. చూపుడువేలు పైకెత్తి చిన్నగా తిప్పితే మాల్‌ని, అంటే కొక్కేనికి తగిలించిన బరువుని, పైకి లేపాలి. వేలు నేల వైపు చూపించి తిప్పితే దించాలి. రెండు చేతులూ గుండెల ముందు ఒకదానిలో ఒకటి కలిపి పట్టుకుంటే, ఎక్కడిది అక్కడ ఆపేయాలి, మళ్ళీ చెప్పేదాకా ఏదీ కదపకూడదు. ఈ సైగలు మా వీధిలో సగం మందికి వచ్చు. మేడ మీద ఆడుకునే పిల్లల్ని దిగమనడానికి కూడా తల్లులు వేలు కిందికి తిప్పుతారు.

పైన క్రేనులో ఉండేది కద్మా పేటలో కాపురముండే గౌరీశంకర్. తవిటమ్మ చేతుల కింద పని నేర్చుకున్నవాడు. ఒక మాల్‌కి ఒకరే సిగ్నల్ ఇవ్వాలి, క్రేను నడిపేవాడు ఆ ఒక్కరి మాటే వినాలి అన్నది కారఖానా నియమం. గౌరీశంకర్‌కి అది నియమం కాదు, మతం.

"అక్క సెయ్యి ఎత్తితే ఎత్తుతాను, దించితే దించుతాను. మజ్జిలో దేవుడొచ్చి సెప్పినా ఇనను," అనేవాడు.

తవిటమ్మకు ఇంకో మతం ఉంది. మాల్ వేలాడుతుండగా సిగ్నల్ ఇచ్చేవాడు దిక్కులు చూడకూడదు. తుమ్ము వచ్చినా దించిన తర్వాతే తుమ్మాలి. కొత్తగా చేరినవాళ్ళకు ఆవిడ చెప్పే మొదటి మాట అదే.

ఇక పాట సంగతి. తవిటమ్మ కుర్రతనంలో కద్మాలో నలుగురు కుర్రాళ్ళు ఒక గ్యారేజీలో చేరి గిటార్లు వాయించేవాళ్ళు. ఇరుగుపొరుగు గొడవ పెడితే, కంపెనీ హూటర్, అదే షిఫ్టు కూత, మోగేదాకా వాయించి ఆపేసేట్టు ఒప్పందం కుదిరింది. అందుకని బ్యాండుకి ఆఖ్రీ హూటర్, అంటే చివరి కూత, అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ మొదటి క్యాసెట్టు తవిటమ్మ తమ్ముడు తెచ్చాడు. రెండో వైపు చివరి పాట 'రేత్ మే సోనా', అంటే ఇసుకలో బంగారం. మా సువర్ణరేఖ ఒడ్డున ఇసుక కడిగి బంగారం ఏరుకునేవాడి పాట. పాటలో పెద్ద కథేమీ లేదు. ఒక మనిషి రోజంతా ఇసుక కడుగుతాడు. సాయంత్రానికి బంగారం దొరకదు, చేతులు మాత్రం శుభ్రమవుతాయి. అంతే.

ఆ క్యాసెట్టు టేపు సాగిపోయి, గాయకుడు జోయ్‌దా గొంతు ఎద్దు గొంతులా వినబడేవరకు ఆవిడ విన్నది. తర్వాత టేపు తెగింది. అప్పటినుంచి పాట ఆవిడ నోట్లోనే ఉంది. మిల్లులో నిలబడి, రోలర్ల మధ్య ఎర్రటి ఇనుము ఉరుకుతుంటే, ఆ చప్పుడు కింద రోజూ ఆ పాట పాడుకునేది. గొంతెత్తి పాడినా పక్కవాడికి వినబడదు. తనకే వినబడదు.

"ఒక ఏడాదిపాటు నన్ను తిడతన్నావనుకున్నానక్కా," అని గౌరీశంకర్ ఒకసారి ఆవిడతోనే అన్నాడు. "పైనుండి సూత్తే పెదాలు కదులుతన్నాయి. నాను ఏటి తప్పు సేసినానా అని రేత్రులు ఆలోసించీవోణ్ణి."

"తిట్టీదాన్నే. మజ్జిలో పాడీదాన్ని," అంది తవిటమ్మ.

ఇంత అభిమానం ఉన్నదా, ఆ బ్యాండును ఆవిడ ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు. వాళ్ళు కద్మా పూజల్లో వాయించినప్పుడు పోలరాజు ఇల్లు కదలనివ్వలేదు. తర్వాత వాళ్ళు ముంబయి వెళ్ళిపోయారు. మధ్యలో ఒకసారి ఊరికి వస్తే ఆవిడ షిఫ్టులో ఉంది. ఈ సంగతి మా అరుగు మీద కూర్చుని చెప్పినప్పుడు, ఇప్పుడు ఫోన్లో అన్నీ దొరుకుతాయి కదా, వినవచ్చు కదా అన్నాను.

"ఇన్నాను బాబాయ్. ఫోన్లో దోమ పాడినట్టుంది," అంది. "నాకు ఒక్కటే ఉంది. ఆ పాట ఒక్కసారి మిల్లు కన్నా గట్టిగా ఇనాల. ఇన్నాళ్ళూ మిల్లే గెలిసింది. ఒక్కసారి పాట గెలవాల."

నవ్వుతూనే అంది. నేను కూడా నవ్వాను. కానీ ఆ రాత్రి భోజనం దగ్గర ఆ మాట నాకు మళ్ళీ గుర్తొచ్చింది. మనిషి ఒక చప్పుడు కింద బతికి బతికి, ఆ చప్పుడు మీద ఒక్కసారి గెలవాలనుకోవడం చిన్న కోరికేమీ కాదు.

మొన్న చలికాలంలో ఆఖ్రీ హూటర్ బ్యాండు బిష్టుపూర్ మైదానానికి వస్తోందని బోర్డులు పెట్టారు. ఇక బ్యాండు మూసేస్తున్నారట, ఇదే వాళ్ళ చివరి పర్యటన. నా మనవరాలు హాసిని మా ముగ్గురికీ టిక్కెట్లు తీసింది. అది తెలుగులో అడిగితే హిందీలో చెప్పే తరం.

"ఆ పాట పాడతారేటో సూడమ్మా ఫోన్లో," అంది తవిటమ్మ.

హాసిని చూసింది. "నహీ అత్తా. రాంచీ మే నహీ గాయా, కోల్‌కతా మే భీ నహీ. వో గానా కిసీకో యాద్ నహీ హై."

రాంచీలోనూ కోల్‌కతాలోనూ పాడలేదు, ఆ పాట ఎవరికీ గుర్తు లేదు అని దాని భావం.

"ఎవులికీ గుర్తు నేకపోతే నాకెలా గుర్తుంది?" అంది తవిటమ్మ. "నాను ఎవులినీ కానేటి?"

హాసిని బ్యాండు వాళ్ళ పేజీకి ఆ పాట పాడమని నాలుగైదుసార్లు రాసింది. జవాబు రాలేదు.

ఆ రోజు తవిటమ్మకు జనరల్ షిఫ్టు. గేటు దాటి నేరుగా మైదానానికి వచ్చింది. హాసిని ఆవిడకని బ్యాండు బొమ్మ ఉన్న నల్ల టీషర్టు కొని తెచ్చింది. దాన్ని ఆవిడ చుడీదారు మీదే వేసుకుంది. వేసుకుని, చలికి దాని మీద మళ్ళీ తన మిల్లు జాకెట్టు తొడుక్కుంది. లైటు పడితే భగ్గున మెరిసే పట్టీల జాకెట్టు అది.

"అత్తా, ఉతారో నా. సబ్ దేఖ్ రహే హై," అని హాసిని జాకెట్టు విప్పమని బతిమాలింది.

"సూడనీ. సలేత్తే నీ స్నేయితులొచ్చి దుప్పటి కప్పుతారా?"

ముందు వరుసలో ఇనుప కంచె దగ్గర చోటు దొరికింది. వేదిక పక్కన ఒక పెద్ద క్రేను నిలబెట్టి ఉంది. కొక్కేనికి ఒక ఇనుప బుట్ట తగిలించారు. క్రేనులో ఉన్నది ఎవరని చూస్తే మా గౌరీశంకర్. తవిటమ్మ బుట్టను చూసింది, కొక్కేన్ని చూసింది. కంచె మీదికి వంగి వాణ్ణి పిలిచింది.

"మనిసిని కొక్కేనికి తగిలిత్తావేట్రా? బుద్దుందా?"

"మన మిల్లు కాంట్రాక్టరు క్రేను అద్దెకిచ్చీసినాడక్కా. నాను రానంటే ఇంకోడొత్తాడు. ఆడికి బ్రేకెక్కడుందో తెల్దు. పాటగాణ్ణి మనిసెత్తు లేపుతాను, అటూ ఇటూ తిప్పుతాను, దించెత్తాను. బెల్టు నానే కడతాను."

"సిగ్నలెవులు?"

గౌరీశంకర్ కోటు వేసుకున్న మేనేజరు వైపు చూపించాడు. అతని చేతిలో వాకీటాకీ ఉంది.

"ఈ గోలలో అది ఇనపడతాదేటి?"

"ఇనపడదు," అన్నాడు గౌరీశంకర్ శాంతంగా.

కచేరీ మొదలైంది. మొదటి దెబ్బకే నా కట్టుడుపళ్ళు డ్రమ్ము వాడికి తాళం వేశాయి. రెండో పాటకి నా మోకాళ్ళ నొప్పి ఎక్కడికో పోయింది, మూడో పాటకి తిరిగొచ్చింది. చుట్టూ కుర్రాళ్ళు గెంతుతున్నారు. తవిటమ్మ గెంతలేదు. మిల్లులో నిలబడినట్టే పాదాలు రెండూ నేలకు దిగ్గొట్టుకుని నిలబడింది. పెదాలు మాత్రం ప్రతి పాటకూ కదులుతున్నాయి, ఒక్క మాట తప్పకుండా. కొత్త పాట మొదలైన ప్రతిసారీ ఆవిడ భుజాలు కొంచెం పైకి లేచేవి. తను ఎదురుచూసేది కాదని తెలియగానే కిందికి దిగేవి. నేను కాసేపటికి వేదికను చూడడం మానేసి ఆ భుజాలనే చూశాను. నచ్చిన పాటలే అన్నీ. అయినా ఒకదాని కోసం వచ్చిన మనిషికి మిగతావన్నీ గడపలాంటివే, దాటుకుంటూ పోవాలి.

చివరికి పెళ్ళిళ్ళలో కూడా వాయించే వాళ్ళ పెద్ద పాట ఎత్తుకున్నారు. అదే ఆఖరిదని అందరికీ తెలుసు. జోయ్‌దా ఒక చిన్న గిటారు మెడలో వేసుకుని బుట్టలోకి ఎక్కాడు. నెరిసిన జుట్టు, బక్కమనిషి. గౌరీశంకర్ బెల్టు బిగించి, రెండుసార్లు లాగి చూసి, వెళ్ళి క్రేనులో కూర్చున్నాడు. బుట్ట మనిషెత్తు లేచింది. మైదానంలో వాళ్ళందరూ చేతులెత్తారు. ఆ పాటకి వేలు పైకెత్తి తిప్పడం వాళ్ళ అభిమానుల ఆనవాయితీ. తవిటమ్మ కూడా కుడిచెయ్యి ఎత్తి, చూపుడువేలు పైకి పెట్టి, చిన్నగా గుండ్రంగా తిప్పింది.

అంతమంది వేళ్ళు తిప్పుతున్నారు. కానీ అందరివీ నల్ల చొక్కాలు. వేదిక లైటు పడి మెరిసింది ఒక్క జాకెట్టే. క్రేనులో ఉన్నవాడికి ఏళ్ళ తరబడి తెలిసింది ఒక్క చెయ్యే. వాకీటాకీ ఎలాగూ వినబడటం లేదు.

బుట్ట లేచింది. వేదిక కప్పు దాటింది, లైట్ల స్తంభాలు దాటింది. జనం ఇదీ ఏర్పాటులో భాగమే అనుకుని ఈలలు వేశారు. పైన జోయ్‌దా పాడుతూనే ఒక చేత్తో బుట్ట అంచు పట్టుకున్నాడు. డ్రమ్ము ఆఖరి దెబ్బ పడింది. పాట అయిపోయింది. కచేరీ అయిపోయింది.

తవిటమ్మ చెయ్యి దించింది. ఆ పాట పాడలేదు. ఇక పాడరు. రెండు చేతులూ గుండెల ముందుకు తెచ్చుకుని, ఒకదానిలో ఒకటి గట్టిగా పట్టుకుని అలా నిలబడిపోయింది. బాధలో ఎవరైనా అలాగే పట్టుకుంటారు.

క్రేను ఆగిపోయింది.

మేనేజరు పరుగున వచ్చి కిందికి దించమని అరిచాడు. గౌరీశంకర్ తల అడ్డంగా ఊపాడు.

"సిగ్నల్ నహీ ఆయా," అన్నాడు.

"మై బోల్ రహా హూ నా, ఉతారో."

"ఆప్‌కా నహీ. దీదీకా."

రావలసింది మీ సిగ్నల్ కాదు, అక్క సిగ్నల్ అని. మేనేజరుకు ఏ దీదీయో అర్థం కాలేదు. చుట్టూ చూస్తే మైదానం నిండా దీదీలే. పక్కనే ఉన్న మా వైపు కూడా చూశాడు. నేను టోపీ సర్దుకుని చందమామను చూశాను.

పైనుంచి జోయ్‌దా మైకులో, "భాయ్, ఉతార్ దో, అభీ పెన్షన్ భీ తో లేనా హై," అన్నాడు. దించెయ్యి, ఇంకా పెన్షన్ కూడా తీసుకోవాలి అన్నమాటకి జనం నవ్వారు. అతను కూడా నవ్వాడు. నవ్వుతూ కారఖానా వైపు తిరిగి, ఆగిపోయాడు.

కారఖానాలో కరిగిన చిట్టెం, అంటే ఇనుము మీద తేలే మడ్డి, ఒంపినప్పుడు మా ఊరి ఆకాశం ఒక పక్క ఎర్రబడుతుంది. మాకది చందమామ కంటే అలవాటు. ఎవరూ తలెత్తి చూడరు. కింద నిలబడిన మాకు చెట్ల మీద కాస్త ఎరుపే కనబడింది. అంత ఎత్తున ఉన్నవాడికి మొత్తం కనబడి ఉంటుంది. కారఖానా చిమ్నీలు, కద్మా ఇళ్ళ కప్పులు, వాటి వెనక ఎక్కడో నది. ఏళ్ళుగా ముంబయిలో ఉన్నవాడు. అటే చూస్తూ ఉన్నాడు. జనం మెల్లిగా సద్దుమణిగారు. అప్పుడు అతను మెడలో ఉన్న ఆ చిన్న గిటారు మీటాడు. డ్రమ్ములు లేవు, మిగతావాళ్ళు వాయించలేదు. ఒక్క గొంతు.

'రేత్ మే సోనా'.

తవిటమ్మ పెదాలు ఆ ఒక్క పాటకే కదల్లేదు.

మొదటి చరణం అయ్యాక ఆవిడ ఒకసారి క్రేను వైపు చూసింది. గౌరీశంకర్ రెప్ప వేయకుండా ఆవిడ చేతుల్నే చూస్తున్నాడు. ఆవిడ కొక్కేన్ని చూసింది, దానికి వేలాడే బుట్టను చూసింది, బుట్టలో మనిషిని చూసింది. తర్వాత తన చేతుల్ని చూసుకుంది. అప్పుడు తెలిసింది ఆవిడకి, ఆ చేతులు ఆపమన్న సైగలో ఉన్నాయని. వేళ్ళు సడలాయి. నేను పక్కనే ఉన్నాను. సడలిన వేళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి.

ఈ కథలో నేను దేని మీదైనా ఒట్టు వేసి చెప్పగలిగితే అది ఆ వేళ్ళ మీదే. వేలాడే మాల్ ఉండగా తుమ్మని మనిషి. ఇనుప దిమ్మెని కూడా అవసరానికి మించి ఒక్క క్షణం గాలిలో ఉంచని మనిషి. ఆ రోజు ఒక ప్రాణాన్ని కొక్కేనికి ఉంచి, ఇంకో చరణం విన్నది. తప్పేనా అంటే తప్పే. నేను ఆవిడ స్థానంలో ఉంటే ఏం చేసేవాణ్ణని ఆలోచించాను. ఇంకో రెండు పాటలు కూడా పాడించుకునేవాణ్ణి. కానీ నాకు మతం లేదు కదా, తప్పడానికి.

పాట అయింది. జనం చప్పట్లు మొదలుపెట్టకముందే తవిటమ్మ చెయ్యి చాచి, వేలు నేల వైపు పెట్టి, నెమ్మదిగా తిప్పింది. నిద్రపోయే పసిపిల్లను మంచం మీద పడుకోబెట్టినట్టు బుట్ట నేల మీదికి దిగింది. జోయ్‌దా బెల్టు విప్పించుకుని గౌరీశంకర్ భుజం తట్టాడు. అందులో తవిటమ్మకు రావలసిన వాటా ఉందని అతనికి తెలియదు.

ఆటో కోసం బిష్టుపూర్ బజారు దాకా నడిచాం. హాసిని ముందు నడుస్తూ ఫోన్లో తీసిన వీడియో చూసుకుంటోంది. తవిటమ్మ జాకెట్టు విప్పి, మడిచి, చంకలో పెట్టుకుంది. చలిలోనే నడిచింది.

"మిల్లు కంటే గట్టిగా ఉందా?" అని అడిగాను.

జాకెట్టు ఇంకో చంకలోకి మార్చుకుంది. ఒక బస్సు దాటిపోయాక అంది:

"నేదు బాబాయ్. శానా సిన్నగా ఉంది. ఇన్నాళ్ళూ పాట గట్టిగా ఉండాలనుకున్నాను. అందరూ ఊరుకుంటే సాలని తెల్దు."

కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది: "ఆ మనిసి పైన నిలబడి ఉన్నాడు. నాకు తెల్సు. తెల్సీ ఉంచాను."

నేను ఎదురుగా వస్తున్న ఆటోకి చెయ్యెత్తాను. 

తర్వాత కాంట్రాక్టరు గౌరీశంకర్‌ను పిలిచి, ఎవరి సిగ్నల్ మీద అంత ఎత్తు లేపావని నిలదీశాడు. లైట్లు కళ్ళలో పడ్డాయి, నాదే పొరపాటు అన్నాడు వాడు. ఆ సంగతి తెలిసి తవిటమ్మ వెళ్ళి నిజం చెప్పబోతే వాడే ఆపాడట. "ఒక మాల్‌కి ఒకలే సిగ్నలక్కా. ఒక తప్పుకీ ఒకలే సాలు," అన్నాడట. కాంట్రాక్టరు వాణ్ణి కొన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టి, తవిటమ్మ సిగ్నల్‌ని వేరేవాళ్ళు సరిగా అందుకోవడం లేదని మళ్ళీ పిలిపించుకున్నాడు. ఇప్పుడు మిల్లులో ఆవిడ పెదాలు కదలడం లేదని గౌరీశంకర్ నాతో చెప్పాడు. మాల్ నేల తాకేదాకా ఊపిరి కూడా పట్టుకుని నిలబడుతుందట. అలవాటైన తిట్లు లేక వాడికే తోచడం లేదట.

ఇదంతా రాసి, మొన్న ఆదివారం తవిటమ్మ ఇంటికి తీసుకెళ్ళి చదివి వినిపించాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు తుంచుతోంది. చివరిదాకా విన్నది, ఒక్కసారీ తలెత్తలేదు. నేను కాగితాలు మడిచాక తుంచిన చిక్కుళ్ళు గిన్నెలో వేసి అంది:

"ఏటి బాబాయ్ ఇది? అంతా అబద్దం."

"ఏది అబద్ధం?"

"అంతాను. ఆ రోజు నాకు బి షిఫ్టు. పొద్దుగూకీ ముందెల్లి రేత్రి వొచ్చినాను. ఏ కాన్సర్టుకీ ఎల్లనేదు."

"మరి ఆ తీగ మీద ఆరుతున్న నల్ల టీషర్టు?"

"హాసినిది. గాలికి ఇటొచ్చింది."

"గౌరీశంకర్ చెప్పాడుగా."

"ఆడికి తాగితే మాటలొత్తాయి. ఆడు ఆ రోజు కద్మాలో ఆలింట్లోనే ఉన్నాడు." గిన్నె పక్కకు జరిపి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "నాను ఎవులినీ ఎత్తనేదు, ఎవులినీ పైన ఉంచనేదు. ఆ పాటేటో కూడా నాకు తెల్దు."